పట్టపగలు మూసిన తలుపు

ఆ ఉదయం పట్నం బాబు వేసుకున్న పథకం చిన్నదే. వీధి తలుపు గడియపెట్టి, పది గంటలకి కంప్యూటర్లో జరిగే ఆఫీసు మీటింగులో తన నాలుగు ముక్కలూ అప్పజెప్పి బయటపడాలి. ఊరికి మారిన పది రోజుల్లో ఒక మీటింగులో మేక అరిచింది, ఇంకోదాంట్లో కోడి కూసింది. "ఇంకొక్క చప్పుడు వినిపించిందా, సోమవారం నుంచి నువ్వు ఆఫీసులో ఉంటావు" అని ఆఫీసరు తేల్చి చెప్పేశాడు.

"వెళ్తే మీరే వెళ్ళండి. నా వంగమొక్కలు ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాయి" అని భార్య అంతకంటే గట్టిగా తేల్చి, పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఊళ్ళో పగటిపూట వీధి తలుపు మూశారంటే లోపల ఎవరికో ప్రాణం మీదికి వచ్చినట్టే లెక్క. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు.

పాలావిడ మూసిన తలుపు చూసి, కిటికీలోంచి తొంగిచూసింది. పైన కోటు, కింద నిక్కరు, గోడకేసి చేతులు తిప్పుతూ మాటలు. "జ్వరం తలకెక్కింది పిన్నీ" అని ఎదురింటావిడకి చెప్పింది.

ఎదురింటి పిన్ని వచ్చి కిటికీ తట్టింది. అతను కంగారుగా నోటిమీద వేలు పెట్టుకున్నాడు.

"అయ్యో, మాట కూడా పడిపోయింది" అంది పిన్ని.

వాగుతున్న మనిషికి మాటెలా పడిపోయిందని అడిగే తీరిక ఎవరికుంది? అయిదు నిమిషాల్లో నలుగురు మగాళ్ళు తలుపు ఊడబెరికారు. వాళ్ళ వెనకే, మూరెడు సూదితో పశువుల డాక్టరు. అందుబాటులో ఉన్న వైద్యుడు ఆయనే మరి.

"గట్టిగా పట్టుకోండి, తన్నగలడు" అన్నాడాయన, అలవాటు కొద్దీ.

మట్టి చేతులతో భార్య పరిగెత్తుకొచ్చింది. తెరమీద ఆఫీసరు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఎవరయ్యా వీళ్ళంతా?"

పట్నం బాబుకి పై ప్రాణాలు పైనే పోయాయి. "తలుపు మూసుందని... నాకేమైందోనని వచ్చారు సార్."

ఆఫీసరు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "పోయిన నెల నాలుగు రోజులు జ్వరంతో తలుపేసుకు పడుకున్నాను. ఒక్కడూ తట్టలేదు."

పిన్ని తెర దగ్గరికి జరిగింది. "మంచినీళ్ళయినా ఎవరిచ్చారు నాయనా? మా ముందు గది ఖాళీయే. వచ్చెయ్యి."

"సోమవారం నువ్వు ఆఫీసుకి రానక్కర్లేదోయ్" అన్నాడు ఆఫీసరు.

భార్యాభర్తలిద్దరూ హమ్మయ్య అనుకున్నారు.

"నేనే వస్తున్నాను."

అప్పట్నుంచి పట్నం బాబు వీధి తలుపు పగలు ఎప్పుడూ మూసి ఉండదు. పిన్ని ఇంటి ముందు గదిలోంచి చూస్తే ఆఫీసరుకి అతని కుర్చీ చక్కగా కనిపిస్తుంది.