మామగారి రేడియోలో మిగిలిన కరెంటు

ఆ ఆదివారం పొద్దున మెకానిక్ పెట్టుకున్న పని ఒక్కటే. పోయిన మామగారి పాత రేడియోలో ఉబ్బిపోయిన కెపాసిటర్ తీసి కొత్తది వెయ్యడం. పది కొట్టేలోపు పాడితే సరే, లేకపోతే పాత సామాన్లవాడి తట్టలోకి పోతుంది. ఈ తీర్పు చెప్పింది బావమరిది, కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. రేడియో అతని వాటాకొచ్చింది మరి. తట్టవాడు అప్పుడే గుమ్మంలో కూర్చున్నాడు.

ఎనిమిదో తరగతితో బడి మానేసిన అల్లుణ్ని ఆ ఇంట్లో మనిషిగా చూసింది మామగారొక్కరే. సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని పాటలు వినిపించేవారు. మిగతావాళ్లకి అతను ఫ్యూజు పోయినప్పుడే గుర్తొచ్చేవాడు.

కొత్తది బిగించి ఒకసారి ఆన్ చేశాడు. గుర్రుమంది కానీ పాడలేదు. ఎక్కడో అతుకు వదులు. ప్లగ్గు పీకి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. కెపాసిటర్ రెండు కాళ్లకీ దాన్ని ఆనించి, టప్పుమనిపించాకే లోపల వేలు పెట్టాలని గురువు చెవి మెలేసి నేర్పాడు. ప్లగ్గు పీకిన రేడియో, అలిగిన అత్తగారు ఒకటేరా, చప్పుడు లేదని దగ్గరికెళ్లకు అనేవాడు.

"ఆగు బావా," అని లెక్చరర్ చెయ్యి పట్టుకున్నాడు. "ఏంటా మోటు పద్ధతి? అసలు కెపాసిటర్ అంటే ఏంటో తెలుసా నీకు?"

ఇక పాఠం మొదలైంది. రెండు లోహపు రేకులు, మధ్యలో కరెంటు పారనివ్వని పొర. రేకులు పెద్దవైనా, వాటి మధ్య ఎడం తగ్గినా ఎక్కువ ఛార్జి పడుతుంది. సరఫరా ఆపినా లోపల దాచుకునే ఉంటుంది. మెకానిక్ గడియారం వంక చూస్తున్నాడు. తట్టవాడు మాత్రం నోరు తెరుచుకుని వింటున్నాడు.

"ఆ ఛార్జి ఎక్కడుంటుంది సార్?"

"ఇదిగో, ఇక్కడ," అంటూ లెక్చరర్ ఒక చెయ్యి రేడియో అడుగురేకు మీద ఆనించి, రెండో చేతి వేలు కెపాసిటర్ కాలి మీద పెట్టి మరీ చూపించాడు.

మరుక్షణం ఎగిరి తట్టలో పడ్డాడు. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన మెకానిక్ భార్య, తమ్ముణ్ని కరెంటు ఇంకా వదల్లేదనుకుని మెయిన్ కట్టేసింది. పై వాటాకీ అదే మెయిన్. స్నానం మధ్యలో మోటారు ఆగిపోయిన పై వాటాయన తువ్వాలుతో, ఒంటినిండా సబ్బుతో, చేతిలో చెంబుతో తగువుకి దిగొచ్చాడు. తట్టలో మనిషిని చూసి, స్పృహ తప్పిందనుకుని చెంబులో మిగిలిన నీళ్లు నెత్తిన గుమ్మరించాడు.

"ఏవండీ, తమ్ముడికేమైందో చూడండి," అంది భార్య.

"ఏం కాలేదు. నేను చెయ్యాల్సిన పని మీ తమ్ముడు చేసిపెట్టాడు," అని మెకానిక్, సోల్డరింగ్ ఐరన్ చల్లారకముందే అతుకు వేసి, మెయిన్ వెయ్యమన్నాడు.

రేడియో నెమ్మదిగా వేడెక్కింది. ముందు గరగర, ఆ వెనక ఒక పాత పాట. లెక్చరర్ తట్టలోంచి లేవలేదు. తడిసిన మొహం కూడా తుడుచుకోకుండా పాట అయ్యేదాకా విన్నాడు.

"నాన్న ఈ పాటకి మీసం దువ్వుకునేవారు," అన్నాడు చివరికి. "నీ దగ్గరే ఉంచు బావా."

తట్టవాడు అతన్ని కిందికి దింపి, ఖాళీ తట్ట ఎత్తుకుంటూ, ఛార్జి ఎక్కడుంటుందో మాత్రం బాగా అర్థమైందని చెప్పి వెళ్లాడు.