ఖాళీ కాని సీసా

నోరు తిండికి తప్ప ఎందుకూ పనికిరాదు! టోక్యోలో మా టెత్సుయా బాబాయి నడిపే గే బార్ మేడ మీద మూడేళ్లుగా ఉంటూ, సాయంత్రాలు కౌంటర్ చివర కూర్చుని అన్నం తింటూ నేను కనిపెట్టిన సత్యమిది.

ఉన్నవి తొమ్మిది కుర్చీలు. మాటలతో పనేముంది? గ్లాసు మీద అట్టముక్క పెడితే "ఇప్పుడే వస్తా, నా చోటు ఎవరికీ ఇవ్వకు". చెవి గోక్కుంటే "ఈ పక్కాయన వదలడం లేదు, కాపాడు". వెంటనే బాబాయి ఇద్దరి మధ్యా వేరుశనగల గిన్నె పెడతాడు. అది చైనా గోడతో సమానం! కొత్తవాడు బెదురుతూ వస్తే వేడి తువ్వాలు అందిస్తాడు. "ఇక్కడ నిన్నెవరూ ఏమీ అడగరు" అని దానర్థం. ఆ తువ్వాలులో మొహం దాచుకుని ఏడ్చినవాళ్లున్నారు. ఏ భాషలో ఉందండీ ఇంత సౌకర్యం?

ఇక సీసా సంగతి. రోజూ వచ్చేవాళ్లు విస్కీ సీసా కొని, మెడకు పేరు రాసిన చీటీ కట్టించి, మా అలమారలోనే ఉంచుకుంటారు. అది అయిపోయాక కొత్తది కొంటే, ఇకముందూ వస్తామని మాటిచ్చినట్టు!

పోస్టాఫీసు కురోయివా గారిది ఆరేళ్లుగా ఆరో కుర్చీ. ఆయన వచ్చే వేళకు బాబాయి అద్దం చూసుకుంటాడు. ఆయన వెళ్లాక, సీసాలో తగ్గినదంతా గుట్టుగా నింపేస్తాడు. సీసా మిగిలి ఉంటే మనిషి రాక తప్పదు కదా! నోరు కదపకుండా ప్రేమించడమంటే ఇదీ!

ఒకరోజు సెలూన్ మికియో అరిచాడు. "ఏమయ్యా కురోయివా, నీ సీసాలో ఊటేమైనా ఉందా? రెండేళ్లుగా తాగుతున్నావ్, మందు సీసా మెడ దిగదే!"

కురోయివా గారు సీసాను వెలుగుకెత్తి చూశారు. తర్వాత బాబాయిని చూశారు. బాబాయి కనుబొమ్మ ఎగరేశాడు. "నీకోసమే" అని దానర్థం. ఎవరికి తెలియదు?

ఆయన మెల్లగా తలూపి, గ్లాసు బోర్లించి వెళ్లిపోయారు. నాలుగు వారాలైంది.

పోయిన వారం మికియో కబురు తెచ్చాడు. "ఒరేయ్ టెత్సూ, వాడేమన్నాడో తెలుసా? 'నన్ను కొత్త సీసా కొననివ్వడం లేదంటే ఇక రావద్దనేగా! అంత మర్యాదగా చెప్పాక కూడా వెళ్తే ఏం బాగుంటుంది?' అన్నాడు. ఫోన్ చెయ్యరా, మొద్దూ!"

బాబాయి ఏం చేశాడు? ఆరో కుర్చీ మీద అట్టముక్క పెట్టాడు.

రెండు వీధుల అవతల పోస్టాఫీసులో కూర్చున్న మనిషికి అదెలా కనబడుతుందో అడుగుదామని నాలుగుసార్లు కిందికి దిగాను. నాలుగుసార్లూ అన్నం తిని పైకొచ్చేశాను. నాకూ నోరు దానికే పనికొస్తోంది మరి!

అందుకే ఇక్కడ రాస్తున్నాను. కురోయివా గారూ, ఆ కనుబొమ్మకు అర్థం "నీకోసమే". దయచేసి రండి. వచ్చాక ఇద్దరూ ఏదో ఒకటి అనుకోండి. తిట్టుకున్నా పర్వాలేదు. నోటితో!