శుక్రవారం దాకా చదువు రాదు

మా దీవి విద్యా చరిత్రలో సువర్ణాధ్యాయం మొదలైందని విద్యామంత్రి కత్‌బర్ట్ లవాలీ గారు రేడియోలో ప్రకటించారు. మామూలుగా ఆయన ప్రకటనలు క్రికెట్ స్కోరు తర్వాత వస్తాయి. అప్పటికి జనం రేడియోలు కట్టేసి ఉంటారు. ఈసారి స్కోరుకి ముందే పెట్టించారు. దూరదృష్టి అంటే అదీ.

అమెరికాలో టీచరు ట్రైనింగు చదివే కుర్రకారు వచ్చి రెండు వారాలు మా బళ్ళో పాఠాలు చెబుతారట. దాని పేరు సేవాభ్యాసం. సేవ మాకు, అభ్యాసం వాళ్ళకి, ఫొటో మంత్రిగారికి. ఇంతకంటే న్యాయమైన పంపకం నేనెరగను.

నేను మోర్న్ కోకో కొండ మీది బళ్ళో నాలుగో తరగతి చెబుతాను. అందుకని జరిగిందంతా దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది.

ముందుగా వాళ్ళ ప్రొఫెసరు విట్‌లాక్ గారు బడి చూడ్డానికి వచ్చారు. మంత్రిగారు స్వయంగా వెంట ఉన్నారు. రెండో తరగతిలో అడుగుపెట్టగానే కెర్లీనా అనే పిల్ల, ఆయన మెళ్ళో వేలాడే కార్డు మీద యూనివర్సిటీ పేరు, శాఖ పేరు, అడుగున సన్నటి అక్షరాలు కూడా గడగడా చదివేసింది. పక్కనున్న పిల్ల ఆ కార్డు గడువు పోయిన నెలే తీరిపోయిందని చెప్పింది.

ప్రొఫెసరు మొహం వాడిపోయింది.

"వీళ్ళకి చదవడం వచ్చే" అన్నారు.

"మా మిస్ ఇస్మే చలవండీ" అన్నారు హెడ్మాస్టరు ప్రాస్పర్ గారు గర్వంగా. రెండో తరగతి టీచరు మిస్ ఇస్మే ఈ పిల్లలకే కాదు, వాళ్ళ అమ్మలకి కూడా చదవడం నేర్పిన మనిషి.

"మా విద్యార్థులు అవసరం ఉన్నచోట సేవ చెయ్యాలి. ఇక్కడేం చేస్తారు? పక్క దీవి చూస్తాను లెండి."

పక్క దీవి మాట వినగానే మంత్రిగారికి చెమటలు పట్టాయి. పోయినేడు అక్కడికి ఇద్దరే ఇద్దరు ట్రైనీలు వస్తే, అక్కడి మంత్రి దీవులన్నిటి మహాసభలో పొద్దుగూకేదాకా దాని గురించే మాట్లాడాడు.

"తొందరపడకండి ప్రొఫెసర్ గారూ. ఈ ఇద్దరూ ఎలాగో తప్పించుకున్నారు. మిగతా పిల్లలు బాగా వెనకబడి ఉన్నారు. నా మాట నమ్మండి, ఎన్నో ఏళ్ళుగా నేనే మంత్రిని."

ప్రొఫెసరు నమ్మారు.

ఆయన కారెక్కాక మంత్రిగారు హెడ్మాస్టరు గదిలో కూర్చున్నారు.

"ఏమయ్యా ప్రాస్పర్, అంత దూరం నుంచి నేర్పుదామని వస్తుంటే, వీళ్ళు ముందే నేర్చేసుకుని కూర్చుంటే మర్యాదేనా? చుట్టాన్ని భోజనానికి పిలిచి, వాడొచ్చేసరికి గిన్నెలు తోమేసినట్టు లేదూ?"

"ఏం చెయ్యమంటారయ్యా?"

"చదవడం ఆపించు. రెండు వారాలే. ఆఖరి శుక్రవారం సభకి నేనొస్తాను, అప్పుడు మళ్ళీ చదివించు. ప్రగతి కళ్ళకి కట్టినట్టు ఉంటుంది."

మిస్ ఇస్మే ఒప్పుకోలేదు. "నేర్పడం వరకే నాకు తెలుసు సర్. నేర్చినదాన్ని వెనక్కి లాక్కోవడం నాకు రాదు" అంది. దాంతో రిహార్సళ్ళు హెడ్మాస్టరు గారే చేయించారు. పుస్తకం తలకిందులుగా పట్టుకోవడం, అక్షరం చూసి నీళ్ళు నమలడం, 'పిల్లి' అన్నచోట 'మేక' అనడం. పిల్లలకిది మహా సరదాగా ఉంది. కెర్లీనాకే ప్రాణం మీదికొచ్చింది. పిండి సంచి మీద రాత గానీ బస్సు వెనక రాత గానీ, కంట పడితే ఆ పిల్ల నోరు ఊరుకోదు. చివరికి గోడమీది చార్టులన్నీ వెనక్కి తిప్పి తగిలించారు.

ట్రైనీలు దిగారు. ఇనప పీపాల మీద వాయించే స్టీల్ పాన్ బ్యాండు మోగింది. రెండో తరగతి బ్రెన్నా అనే పొడుగాటి అమ్మాయికి అప్పగించారు. మిస్ ఇస్మేని సాంస్కృతిక సమన్వయకర్తగా నియమించారు. అంటే వంటగదిలో అతిథులకి ఉప్పు చేప కూర, వేయించిన రొట్టెలు చేయించాలి.

బ్రెన్నా మంచి పిల్ల. తన చేత్తో బొమ్మలు గీసి అక్షరాల కార్డులు తయారుచేసింది. పిల్లలు హెడ్మాస్టరు గారు నేర్పినట్టే నటించారు. రెండో రోజుకే బ్రెన్నా వరండాలో నిలబడి ఏడ్చింది.

"నాకీ పని చేతకాదేమో సర్" అంది నాతో.

"దిగులు పడకమ్మా, శుక్రవారానికి అన్నీ సర్దుకుంటాయి" అన్నాను. ప్రభుత్వోద్యోగిగా అంతకంటే ఏం చెప్పను?

మర్నాడు ఆమె తాబేలు కథ చదివి వినిపిస్తుంటే రెండు పేజీలు ఒకేసారి తిరిగాయి.

"మిస్, ఓ పేజీ వదిలేశారు. తాబేలు ఇంకా వల్లో పడలేదు" అంది కెర్లీనా. అనేసి రెండు చేతులతో నోరు మూసుకుంది.

బ్రెన్నా పుస్తకం దించింది. "నీకు చదవడం వచ్చా?"

"రాదు మిస్. శుక్రవారం దాకా రాదు."

ఆ మధ్యాహ్నం బ్రెన్నా నేరుగా వంటగదికి వచ్చింది. రొట్టెలు వేడిగా ఉన్నాయో లేదో చూడ్డానికి నేనక్కడే ఉన్నాను.

"మిస్ ఇస్మే, వాళ్ళకి మీరెలా నేర్పారో నాకు చూపిస్తారా? మా కాలేజీలో దాని మీద వ్యాసాలు రాయించారు గానీ, ఒక్క పిల్లకీ అక్షరం చెప్పించలేదు."

మిస్ ఇస్మే చేతి పిండి కడుక్కుంది. "ముందు నెత్తిన టోపీ పెట్టుకో. ఎండకి ముక్కు మీద తోలు ఊడొచ్చేలా ఉంది. రేపు బెల్లు కొట్టకముందే రా."

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఇద్దరూ ఒకటో తరగతి పిల్లల మధ్య నేలమీద చతికిలబడేవారు. వాళ్ళకి నిజంగానే చదవడం రాదు. వారం తిరక్కుండానే ఒక బుడ్డది వేలు పెట్టుకుని 'పడవ' అని చదివింది. బ్రెన్నా మళ్ళీ ఏడ్చింది. ఈసారి నేను ఓదార్చలేదు.

శుక్రవారం సభలో పిల్లలకి చదువు వచ్చేసింది. కెర్లీనాది కట్ట తెగిన ఏరు. పుస్తకం చదివింది, బ్యానరు చదివింది, పూలదండకున్న కొట్టు పేరు కూడా చదివింది. మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు.

బ్రెన్నా మైకు అందుకుంది. "వీళ్ళకి నేనేమీ నేర్పలేదు. వీళ్ళకి ముందే వచ్చు. మిస్ ఇస్మే గారే నాకు నేర్పారు."

"చూశారా వినయం?" అన్నారు మంత్రిగారు చప్పట్లు కొడుతూ. "గొప్ప గురువులంతా ఇలాగే మాట్లాడతారు. సోదర సోదరీమణులారా, రెండు వారాల్లో అయ్యే పనికి ఏడాదంతా ఒక టీచరమ్మని అంటగట్టడం ఆమెనే అవమానించడం. ఇకమీదట మన పిల్లలకి చదవడం నేర్పే బాధ్యత ఏటా అతిథులదే. మిస్ ఇస్మే గారిని విమానాశ్రయంలో స్వాగతాధికారిగా ప్రమోట్ చేస్తున్నాను."

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది హెడ్మాస్టరు గారు. బ్రెన్నా మొహం పాలిపోయింది. మిస్ ఇస్మే ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వు నేర్చుకున్నావు కదా. పోయి మీ వాళ్ళకి చెప్పు" అంది.

ఏడాది గడిచింది. రెండో తరగతి పోస్టు ఖాళీగానే ఉంది. మంత్రిగారు మహాసభలో రెండు పూటలు మాట్లాడారు. కొత్త బ్యాచి విమానం దిగే వారం వచ్చేసరికి, హెడ్మాస్టరు గారు రిహార్సలుకని నన్ను వెంటబెట్టుకుని రెండో తరగతికి వెళ్ళారు. ఒక పిల్ల చేతికి పుస్తకం ఇచ్చారు. ఆ పిల్ల దాన్ని తలకిందులుగా పట్టుకుని, బొమ్మ ఎక్కడుందా అని వెతికింది. పక్క పిల్ల నీళ్ళు నమిలింది. వెనక బెంచీలవాళ్ళు తలలు దించుకున్నారు.

హెడ్మాస్టరు గారు మురిసిపోయారు.

"భలే చేస్తున్నారయ్యా. పోయినేటి పిల్లలకి ఇంత సహజంగా రాలేదు. ఎవరు నేర్పారు వీళ్ళకి?"

"ఎవరూ నేర్పలేదు సర్" అన్నాను.