నాలుగు తేలిక కర్రలు

...తలలో ఎంతైనా ఉండనీ, మెడ దాకా దిగినా ఫరవాలేదు, భుజం దగ్గర మాత్రం ఆగిపోవాలి కోపం. మోచెయ్యి దాటిందా, పిడికిలి బిగుస్తుంది. బిగిసిన పిడికిట్లో కర్ర అబద్ధమాడుతుంది. బరువైనది తేలికనిపిస్తుంది, తేలికైనది బరువనిపిస్తుంది. కాబట్టి ఇవాళ పది గంటల దాకా కోపం రాకూడదు. పది దాటాక ఇష్టమొచ్చినంత.

అద్దంలో గడ్డం గీసుకుంటున్న మనిషికి అతను ఈ సంగతి మూడోసారి చెబుతున్నాడు. ఆ మనిషి మొహం చూస్తే అప్పటికే కోపం వచ్చినట్టుంది.

అతను గోల్ఫ్ కర్రలు తయారుచేసే ఫ్యాక్టరీలో పరీక్షకుడు. పద్దెనిమిదేళ్ళుగా అతని పని ఒక్కటే: కర్ర పట్టుకుని ఊపడం, ఎలా ఉందో చెప్పడం. చేతులతోనే తూకం చెబుతాడని అందరూ అతన్ని 'తక్కెడ' అని పిలుస్తారు. చెయ్యి నిజం చెప్పాలంటే మనసు చల్లగా ఉండాలని అతని సిద్ధాంతం. ఆ సిద్ధాంతం కోసం పద్దెనిమిదేళ్ళుగా ఎన్ని మాటలు మింగాడో అతని కడుపుకి తెలుసు.

రెండు నెలల క్రితం ఫ్యాక్టరీకి ఒక యంత్రం వచ్చింది. ఒక ఇనుప చెయ్యి. దానికి ఇల్లు లేదు, అత్తవారు లేరు, నిద్ర చాలకపోవడం లేదు. కొత్త మేనేజరు దాని ముందు నిలబడి, "ఇక చేతి పరీక్ష ఎందుకండీ?" అన్నాడు. అని ఊరుకోకుండా ఒక పందెం పెట్టాడు.

భుజాలు నొప్పిపుట్టే పెద్దవయసు ఆటగాళ్ళ కోసం కంపెనీ కొత్త ఐరన్లు, అంటే ఇనుప తల ఉన్న కర్రలు, చేస్తోంది. వాటిలో ఉక్కు కాడకు బదులు తేలికైన గ్రాఫైట్ కాడ వెయ్యాలి. నాలుగు రకాల కాడలు వచ్చాయి. నాలుగింటికీ ఒకే రకం ఇనుప తల, ఒకే రకం రబ్బరు పిడి బిగించారు. త్రాసులో పెడితే నాలుగూ ఒకే బరువు. తేడా అల్లా ఆ బరువు కాడలో ఎక్కడ పోగుపడిందన్నదే. పిడి వైపు ఉంటే ఊపేటప్పుడు కర్ర తేలికగా అనిపిస్తుంది. తల వైపు ఉంటే చేతిని లాగేస్తుంది. పిడి చివర ఉన్న కోడు కనబడకుండా స్టోరుకీపరు నల్ల టేపు అంటించి, కాడల మీద ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేశాడు. అసలు వరుస మేనేజరు దగ్గర కవరులో ఉంది. ఇవాళ పదింటికి అతను తేలిక నుంచి బరువు దాకా వరుస సరిగ్గా చెబితే చేతి పరీక్ష విభాగం ఉంటుంది. తప్పితే అతను ప్యాకింగులోకి. ప్యాకింగులో చేతులకు ఏమీ తెలియనవసరం లేదు.

"రాత్రికి ఇంటికి తీసుకెళ్ళండి, పక్కలో వేసుకు పడుకోండి. అయినా తెలీదు," అన్నాడు మేనేజరు నిన్న సాయంత్రం.

ఆ మాటకి వచ్చిన కోపాన్ని అతను భుజం దగ్గరే ఆపాడు. ఇప్పుడు గడ్డం తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చాడు. తలుపు మూల నిలబెట్టిన కర్రలు లెక్కపెట్టాడు.

"ఏమేవ్, ఇక్కడ నాలుగుండాలి."

"మూడున్నాయిగా," అంది భార్య వంటింట్లోంచి.

"మూడున్నాయని నాకూ తెలుసు. నాలుగుండాలి అంటున్నా."

"అమ్మ ఒకటి పట్టుకెళ్ళింది. నిన్న తన చేతికర్ర విరిగింది కదా."

"అది గోల్ఫ్ కర్ర!"

"అమ్మేం గోల్ఫ్ ఆడ్డానికి పట్టుకెళ్ళిందా? నడవడానికి పట్టుకెళ్ళింది. ఎందుకండీ అలా పళ్ళు కొరుకుతారు?"

"కొరకడం లేదు. నాకు కోపం రాలేదు."

"సరే, రాలేదు. ఆ తువ్వాలు వదలండి, చిరుగుతుంది."

మిగిలిన మూడు కర్రలూ కారులో వేసుకుని వెతకడానికి బయల్దేరాడు. అత్తగారు రెండు వీధుల అవతల, మందుల షాపు ముందు బెంచీ మీద దర్జాగా కూర్చుని ఉంది. పక్కనే రెండో నంబరు కర్ర, తలకిందులుగా. ఇనుప తల ఆవిడ అరచేతిలో ఇమిడిపోయింది. రబ్బరు పిడి నేల మీద ఉంది.

"అల్లుడుగారూ! భలే కర్రలు తెచ్చారండీ. నాలుగూ పట్టుకు చూశా. ఇదొక్కటే ప్రాణానికి హాయిగా ఉంది."

"అత్తయ్యగారూ, అది ఆఫీసుది. ఇలా ఇచ్చెయ్యండి."

"ఇచ్చేస్తే నేనెలా నడవను?"

"కారులో దింపుతాను."

"దిగాక?"

న్యాయమైన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నలంత కోపం తెప్పించేవి ఇంకేవీ ఉండవు. అతని కోపం భుజం దాటి జానెడు కిందికి దిగింది. వంగి కర్ర అందుకున్నాడు. పిడి చివర గుండ్రటి రబ్బరు బిళ్ళ ఒకటి కనబడింది.

"జారకుండా నా పాత కర్ర అడుగు దీనికి అతికించాను లెండి," అంది ఆవిడ. "మీ అలమారలో జిగురే. మంచి జిగురు. మీరు కొనేవాటిలో అదొక్కటే పనికొచ్చింది."

లాగాడు. రాలేదు. మెలితిప్పాడు. రాలేదు. తొమ్మిదింబావు అయింది. ఇంటికి తిరిగివెళ్ళే వ్యవధి లేదు. కర్ర లాక్కుని ఆవిడని బెంచీ మీద వదిలేస్తే సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. అందుకే కర్రనీ అత్తగారినీ ఎక్కించుకుని ఫ్యాక్టరీకి పోనిచ్చాడు.

పార్కింగులో చెట్టు నీడన కారాపి, పనిముట్ల పెట్టెలోంచి చిన్న కత్తి తీశాడు. బిళ్ళ ఊడింది. దాంతోపాటు పిడి అంచున కోడున్న గోరంత ముక్క, దాని మీది స్టోరుకీపరు టేపుతో సహా ఊడొచ్చింది. ఆ గాటు కనబడకుండా పెట్టెలో ఉన్న నల్ల గుడ్డ టేపు నాలుగు వేళ్ళ పొడవు చుట్టాడు. చుట్టాక అసలు సంగతి తట్టింది. పిడి వైపు ఆ మాత్రం టేపు చేరినా ఊపులో కర్ర తేలికవుతుంది. ఒక్కదానికే ఉంటే వరుస చెడుతుంది. మిగతా మూడింటికీ అదే టేపు, అదే నాలుగు వేళ్ళ పొడవు, అదే చోట చుట్టాడు. ఇంత న్యాయమైన పనిని ఇంత దొంగలా చేయడం అతనికి అదే మొదటిసారి.

"నా అడుగు పారెయ్యకండి," అంది అత్తగారు.

"పారెయ్యను."

"ఇలా ఇవ్వండి, నా సంచిలో వేసుకుంటా. మిమ్మల్ని నమ్మలేం."

"ఇక్కడే కూర్చోండి. పది నిమిషాల్లో వస్తా."

పరీక్ష హాల్లో వల, పచ్చ చాప, మూలన ఇనుప చెయ్యి. మేనేజరు కవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. స్టోరుకీపరు కర్రలు అందుకుని అంకెల వరుసలో స్టాండుకి ఆనించబోయి ఆగిపోయాడు.

"సార్, నేనంటించింది ప్లాస్టిక్ టేపు. మెరుస్తుంది. ఇది గుడ్డ టేపు."

మేనేజరు ఒక్కొక్క కర్రా తిప్పిచూశాడు. "నాలుగింటికీనా! కోడ్లు చదువుకున్నారా తక్కెడగారూ?"

"లేదు. రెండోది తప్ప మిగతా మూడింటికీ కింద మీ టేపు అలాగే ఉంది. విప్పి చూసుకోండి."

స్టోరుకీపరు ఒకటో నంబరుది విప్పాడు. పై టేపుకి అంటుకుని కింద టేపూ ఊడొచ్చింది. కోడు బయటపడింది. తానంటించిన టేపు ముందే ఎవరైనా ఎత్తారో లేదో చెప్పే దారి పోయింది.

"మరి ఎందుకు చుట్టారు?"

"మా అత్తగారు..."

"అత్తగారు!" మేనేజరు నవ్వాడు. "పోనీలెండి, మా టేపు ఇంట్లో కుక్క తినేసిందని చెప్పలేదు."

ఆ నవ్వుతో కోపం మోచెయ్యి దాటింది, మణికట్టు దాటింది, పది వేళ్ళలోకీ వరదలా దిగింది. అయిపోయింది, అనుకున్నాడు. ఇక ఈ చెయ్యి నిజం చెప్పదు. ఎలాగూ మునిగాక చలేమిటని విప్పిన టేపుని మళ్ళీ తనే చుట్టి, కర్రలు ఒకదాని తర్వాత ఒకటి అందుకుని, ఎదుట మేనేజరు మొహం ఉన్నట్టే ఊపాడు. గాలి కోసుకుపోయింది. స్టోరుకీపరు రెండడుగులు వెనక్కి జరిగాడు.

"మూడు, ఒకటి, నాలుగు, రెండు!" అని అరిచాడు. "తేలిక నుంచి బరువుకి. రాసుకోండి!"

మేనేజరు కవరు చింపాడు. చదివాడు. ఇంకోసారి చదివాడు.

"నాలుగూ సరిగ్గా ఉన్నాయి," అన్నాడు.

అతనికి సంతోషం కలగాలి. కలగలేదు. పిడికిలి అంతలా బిగిసినా చెయ్యి నిజమే చెప్పింది. అంటే పద్దెనిమిదేళ్ళూ అతను అనవసరంగా మంచివాడిగా బతికాడు.

"అందుకే నమ్మను," అన్నాడు మేనేజరు. "ఒకటో రెండో తప్పుంటే పోనీ అనుకునేవాణ్ణి. చూసి రాసిన పరీక్షలోనే అన్నీ ఒప్పులొస్తాయి."

"తప్పయితే ప్యాకింగు. ఒప్పయితే దొంగా?"

"ఆ మాట నేనలేదు. మీరే అన్నారు."

అప్పుడే హాలు తలుపు తెరుచుకుంది. గోడ పట్టుకుని అత్తగారు నిలబడి ఉంది.

"పది నిమిషాలన్నారు, ముప్పావుగంటయింది. బాత్రూమెక్కడండీ?"

ఆవిడ స్టాండు దాకా వచ్చి మొదటి కర్ర తలకిందులుగా తీసుకుని రెండడుగులు వేసింది. "ఛీ, ఇది కాదు," అని పెట్టేసింది. రెండోది తీసుకుని, "ఆ, ఇదీ నాది," అంటూ స్టోరుకీపరు చూపించిన వైపు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మేనేజరుకి హుషారు పుట్టింది.

"అమ్మా, మీరు కూడా పరీక్షిస్తారా? ఏది తేలికో చెప్పండి."

"పరీక్ష పొద్దున్నే అయిందిగా బాబూ," అంటూనే ఆవిడ నాలుగూ తలకిందులుగా ఒక్కొక్కటీ మళ్ళీ పట్టి చూసింది. "ఈ రెండోది అన్నిటికన్నా హాయి. దీని తర్వాత నాలుగోది. ఆ ఒకటోది పనికిరాదు. మూడోదైతే అడుగు తీసి అడుగేస్తుంటే ముందుకి ఈడ్చి చంపేస్తుంది."

మేనేజరు కాగితం చూసి పడీపడీ నవ్వాడు. "విన్నారా? ఒక్కటీ కలవలేదు! ఇదీ చేతి పరీక్ష!"

"ఒక్కటీ కలవకపోవడం కాదు," అన్నాడు అతను పళ్ళ సందుల్లోంచి. "కవరులో వరుస కింద నుంచి పైకి చదవండి. తర్వాత ఆవిడ ఎటు వైపు పట్టుకున్నారో చూడండి."

మేనేజరు కింద నుంచి పైకి చదివాడు. రెండు, నాలుగు, ఒకటి, మూడు. నవ్వు సగంలో ఆగింది. ఆవిడ పట్టుకుంది తల. ఊగుతున్నది పిడి. తల వైపు బరువున్న కర్ర ఆటగాడి చేతిని లాగితే, తల పట్టుకున్న మనిషి చేతిలో కుదురుగా కూర్చుంటుంది. పట్టుకున్న కొస మారింది కాబట్టి వరుస మొత్తం తిరగబడింది.

"మీరు కోడ్లు చూశారామ్మా?" అని అడిగాడు స్టోరుకీపరు నెమ్మదిగా.

"అద్దాలు లేకుండా నాకు నీ మొహమే కనబడ్డం లేదు నాయనా, కోడ్లేం చూస్తాను? కావాలంటే ఇది చూసుకోండి." సంచిలోంచి రబ్బరు బిళ్ళ తీసి ఇచ్చింది. దాని లోపల పిడి ముక్క, దాని కోడు మీద అంటుకుని మెరిసే టేపు, అంచు లేవకుండా, అంటించింది అంటించినట్టే ఉన్నాయి. స్టోరుకీపరు దాన్ని మేనేజరు కళ్ళ ముందు పెట్టాడు.

మేనేజరు కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే, విభాగం ఉంటుంది," అన్నాడు గోడతో. దొంగ అన్న మాట గురించి ఏమీ అనలేదు. ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, సోమవారాలు ఒకసారి రాగలరా?" అని మాత్రం అన్నాడు.

"కుర్చీ వేస్తారా?"

"వేస్తాం."

"వీపు ఆనేది?"

"ఆనేదే. ఆ కర్ర మాత్రం కంపెనీది, ఇచ్చెయ్యండి."

రెండో నంబరు తీసుకుని మేనేజరు వెళ్ళిపోయాడు. ఆవిడ చెయ్యి గాల్లో కొంచెం తడుముకుని తలుపు చట్రాన్ని పట్టుకుంది. అతనికి మేనేజరు మీద కోపంగా ఉంది, టేపు సంగతి బయటపెట్టిన స్టోరుకీపరు మీద కోపంగా ఉంది, తనని ఇందులో ముంచి మళ్ళీ తనే గట్టున పడేసిన ఈవిడ మీద అందరికన్నా ఎక్కువ కోపంగా ఉంది. ఏదీ భుజం దగ్గర ఆగలేదు. ఆపాలని కూడా అతనికి అనిపించలేదు. ఆ కోపంతోనే వెళ్ళి పక్కన నిలబడి ముంజేయి ముందుకి చాపాడు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ నొక్కి చూసింది.

"బిగుసుకుపోయి ఉందండీ," అంది. "ఎటు పట్టుకుంటే తేలిక?"

"ఎటైనా పట్టుకోండి."

కారు దాకా వెళ్ళడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా అతను కోపంగానే ఉన్నాడు.