సైరన్ కూయకపోతే

ఆ ఉదయం యమున వేసుకున్న పథకం చాలా చిన్నది. నైట్ షిఫ్టు దిగి తండ్రి ఇంటికి రాగానే టీ ఇవ్వాలి. ఫోన్‌లో రికార్డరు నొక్కాలి. ఒక ప్రశ్న అడగాలి. అంతే.

సదయ్య వచ్చాడు. టీ తాగాడు. ఫోన్ వైపు అనుమానంగా చూశాడు.

"గిదేంది బిడ్డా?"

"నా ప్రాజెక్టు బాపూ. నీతోని మాట్లాడాలె."

"రేపు మాట్లాడుదాం" అంటూనే మంచం మీద వాలాడు. వాలగానే గురక.

వారం నుంచి ఇదే రేపు. తల్లి మందమర్రిలో, కాలు విరిగిన అమ్మమ్మ దగ్గరుంది. గోదావరిఖనిలో, తండ్రి పనిచేసే బొగ్గు గని కంపెనీ ఇచ్చిన ఆ క్వార్టర్‌లో పగలంతా మేలుకుని ఉండేది యమునా, కూలరూ.

యమున బెంగళూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కోర్సు పేరు సైన్స్, టెక్నాలజీ, సొసైటీ. ఒక యంత్రం వచ్చాక దాని చుట్టూ మనుషుల బతుకు ఎలా మారుతుందో తెలుసుకునే చదువు. అక్కడి స్నేహితులకు బొగ్గుబాయి తెలియదు. ఇక్కడి వాళ్లకు ఆ చదువు తెలియదు. "డాక్టరా, ఇంజినీరా?" అని అడుగుతారు. రెండూ కాదంటే "అయ్యో" అని జాలిపడి వెళ్లిపోతారు. రెండు ఊళ్లలోనూ ఆమె మాట సగంలోనే తెగిపోతుంది.

ప్రాజెక్టు కోసం ఆమె ఎంచుకున్న యంత్రం బాయి మీది షిఫ్టు సైరన్. దానితో బతికిన ఒక్క మనిషితో తీరిగ్గా మాట్లాడి రమ్మన్నారు గైడు. ఆ ఒక్క మనిషి తండ్రే కావాలని యమున పట్టు. పుట్టినప్పటి నుంచి ఆమె ఆయనను ఎక్కువగా నిద్రలోనే చూసింది మరి.

ఈలోగా తన ప్రశ్నను ఇంకెవరినైనా అడిగి చూద్దామని ప్రహరీ మీదుగా తొంగి చూసింది. పిన్ని వరసయ్యే పక్కింటి కుబ్రా బేగం మిరపకాయలు ఆరబోస్తోంది.

"ఖాలా, రేపటి సంది సైరన్ కూయకపోతే నువ్వేం జేస్తవ్?"

కుబ్రా చేతిలో చేట ఆగిపోయింది. "ఎందుకు కూయది?"

"ఊరికే అడుగుతున్న. కూయదనుకో."

బొగ్గుబాయి ఊళ్లో అలాంటి ప్రశ్న ఎవరూ ఊరికే అడగరు. బాయి మూతపడే కబురు ముందుగా నోటీసై రాదు. ఎవరో చదువుకున్నవాళ్లు నవ్వుతూ వచ్చి, ఊరికే ఏదో అడిగి పోతారు. సైరన్ ఆగితే బాయి ఆగినట్టే. బాయి ఆగితే బదిలీలు. బదిలీలైతే క్వార్టర్లు ఖాళీ. కుబ్రా మిరపకాయలు ఎండకే వదిలేసి భర్త జహంగీర్‌కు ఫోన్ చేసింది. ఆయన షేర్ ఆటోలో ఉన్నాడు. ఆటో నిండా మనుషులున్నారు. ఆటో మార్కెట్ చేరేసరికి, సైరన్ ఆపడానికి కంపెనీ బెంగళూరు నుంచి ఆఫీసరును దించేసింది.

మధ్యాహ్నానికి యూనియన్ నాయకుడు ఆగయ్య పది మందితో గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వు కంపెనీ మనిషివని మీ బాపు ఒక్క మాట జెప్పకపాయె."

"నేను స్టూడెంట్‌ని కాకా!"

"గంతే బిడ్డా, గంతే. గట్లనే చెప్పుమంటరు."

యమున కాలేజీ కార్డు చూపించింది. ఆగయ్య కళ్లజోడు సర్దుకుని చదివాడు. "టెక్నాలజీ అని రాసున్నది. నేనేమన్న? మిషిన్లు దించుతున్నరు!"

"మిషిన్లు గాదు కాకా, మనుషుల గురించి..."

"ఇన్నరా? మనుషులను గూడ ఎత్తేస్తరట!"

ఇక విన్నపాలు మొదలయ్యాయి. సైరన్ లేకుంటే పిల్లలు బడికి లేవరని ఒకరు, బియ్యం ఎసట్లో పడవని ఇంకొకరు. చివరగా చేతికర్రతో సారవ్వ వచ్చి కూర్చుంది.

"మా ఆయన పోయి ఏండ్లాయె బిడ్డా. సైరన్ కూయంగనే ఇప్పటికీ రెండు కప్పుల చాయ్ పెడ్త. కూయకపోతే ఒక్కటే పెట్టుకోవాలె. కొంచెం పైవోళ్లకు చెప్పు."

అక్కడే గట్టిగా అరిచి నిజం చెప్పాల్సింది యమున. చెప్పలేదు. వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో మనుషుల చప్పుడు వినడం అదే మొదటిసారి. "ఆ రెండో కప్పు ఎవరు తాగుతరవ్వా?" అని ఇంకో ప్రశ్న అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు వచ్చేలోపే రెండో షిఫ్టు వాళ్లు బాయి గేటు దగ్గర బైఠాయించారని కబురొచ్చింది. అందరూ యమునను వెంటబెట్టుకుని అక్కడికి కదిలారు. నిద్రలో ఉన్న సదయ్యను ఎవరో బనీను మీదే బండెక్కించారు.

కంపెనీ వెల్ఫేర్ ఆఫీసరు జగదీశ్వర్ జీపు దిగి చేతులు జోడించాడు. "సైరన్ ఆపే ముచ్చటే లేదు. మూడు గొట్టంగనే మీ చెవులతోని మీరే ఇనుండ్రి."

అందరూ చెవులు రిక్కించారు. మూడయింది. మూడు దాటింది. సైరన్ కూయలేదు.

"ఆపేశిన్రు!" గేటు దద్దరిల్లింది. జగదీశ్వర్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

సదయ్య ఆవలించి, గుంపునంతా ఒకసారి కలయజూశాడు. "సైరన్ కొట్టేటోడు యాడున్నడు?"

అందరి తలలూ తిరిగాయి. ముందు వరుసలో పిడికిలి పైకెత్తి, "సైరన్ మా హక్కు" అని గొంతు చించుకుంటున్నవాడు ఆపరేటరు వీరేందర్. పిడికిలి మెల్లగా దిగింది. "అరే, నేనే గదా!" అంటూ లోపలికి పరుగెత్తాడు.

జగదీశ్వర్ చెమట తుడుచుకున్నాడు. "ఇంతకూ నువ్వేం చదువుతున్నవమ్మా?"

యమున నోరు తెరిచేలోపే సదయ్య అందుకున్నాడు. "మిషిన్ తెచ్చేటోడు మిషిన్‌నే జూస్తడు సార్. దాని ఎంబడి మనుషులు ఎట్ల బతుకుతున్నరో, గది మా బిడ్డ చదువుతది. మొదటేడు ఫోన్ల చెప్పింది."

ఆనాటి ఫోన్‌లో యమునకు వినిపించింది గురక ఒక్కటే.

"గట్లనా! మంచిగున్నది" అన్నాడు ఆగయ్య. "మరి మా బతుకుల ఏం జూశినవ్ బిడ్డా?"

ఆ ఊళ్లో ఆమెను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. యమున ఊపిరి పీల్చుకుని "ఏందంటే కాకా..." అంది.

సైరన్ కూసింది.

క్షణంలో గేటు ఖాళీ. షిఫ్టు వాళ్లు బాయిలోకి, ఆగయ్య యూనియన్ ఆఫీసుకు, సారవ్వ చాయ్ పెట్టడానికి. యమున తెరిచిన నోరు మూసుకుని తండ్రితో ఇంటికి నడిచింది.

ఇంట్లో రెండు కప్పుల టీ పోసి రికార్డరు నొక్కింది.

"ఇప్పుడడుగు బిడ్డా" అన్నాడు సదయ్య మంచం మీద చేరగిలబడి.

"సైరన్ కూయకపోతే నువ్వేం జేస్తవ్ బాపూ?"

సదయ్య దిండు సర్దుకున్నాడు.

"పండుకుంట" అన్నాడు. పడుకున్నాడు.

రెండో కప్పు చల్లారిపోయింది. గురక రికార్డవుతూనే ఉంది. యమున ఆపలేదు. రోజంతా ఊరు ఊరంతా మాట్లాడింది గాని, అడిగినదానికి సూటిగా జవాబిచ్చి చేసి చూపించినవాడు ఆయనొక్కడే.