ప్రథమ డిఫెండర శిరోలంఘన పర్వము

వినుడు, వినుడు! హిస్పానియా అను స్పెయిను దేశమున, ఎబ్రో నదీతీరమున ద్రాక్షాక్షేత్ర పరివేష్టితమై, ఇటుకగోపురమొక్కటియు సారాయికొట్లు లెక్కకు మిక్కిలియు గల మొంతర్కాల్ పట్టణమున, మే మాసపు కడపటి ఆదివారమున, సూర్యుడు నడినెత్తికెక్కి నిప్పులు చెరుగుచుండగా, సియెర్సో అను వాయవ్యపు గాలిరక్కసి గొడుగులు విరిచి బట్టతలలవారి టోపీలను పొరుగూరికి బట్వాడా చేయుచుండగా, వామపార్శ్వ ధావన ధురంధరుడును, పచ్చికపట్టుల పాలిటి ప్రళయ ప్రభంజనుడును, బంతిని తప్ప సమస్తమును సరిగా తన్నగలవాడును అగు లిసీనియో బెస్కోస్ తన జీవితమునందలి చిట్టచివరి ఫుట్‌బాల్ సమరమునకై మేజోళ్లు తొడుగుకొనుచుండెను. కుడికాలి మేజోటికి చిరుగు కలదు.

ఈ వీరుని పూర్వచరిత్ర చెప్పనిచో కథకు అన్యాయము, చెప్పినచో వీరునికి అన్యాయము. చెప్పియే తీరెదను. మైదానపు టంచున సుడిగాలివలె పరుగిడి, గోలు ముంగిట నిలిచిన తనవారి తలలపైకి బంతిని తన్నుట వింగర్ అనువాని ధర్మము. పరుగున లిసీనియోకు సాటి లేరు. తన్నుటయే చిక్కు. అతడు తన్నిన ప్రతి బంతియు ఎదుట నిలిచిన మొట్టమొదటి డిఫెండరునకు తగిలెడిది. గలీసియా వానలలో పిక్కలకు తగిలెను, ముర్సియా ఎండలలో మోకాళ్లకు తగిలెను, కాదిస్ సముద్రతీరమున ఒకని చెవికి తగులగా వానికి నేటికిని ఆ ప్రక్క వినబడదట. రెండవ శ్రేణి జట్టొకటి ఇతనిని తెచ్చి, ఆడనివారి బల్లపై కూర్చుండబెట్టి, ఒకనాడు మతి తప్పి రంగమున దింపెను. ఆ కొద్ది నిమిషములలో మహావీరుడొనర్చిన ఘనకార్యము చేతులతో బంతిని లోనికి విసరుట. అదియు తప్పుగా విసరెను.

ఇట్లు ఊరూరు తిరిగి, ఊరూర మర్యాదగా సాగనంపబడి, మూడవ శ్రేణి అడుగున వ్రేలాడు మొంతర్కాల్ జట్టున చేరి, ఇచటి ఇనుపసామాన్ల వర్తకుని కుమార్తె నునీలో అను కన్యను పెండ్లాడెను. రేపటినుండి మామగారి దుకాణమున మేకులమ్మవలెను. ఇదే ఊరివారికి, ఇవే ముఖములకు, బ్రతికినంత కాలము.

అందుచేతనే అతని గుండెలో రాయి పడినది. ఈ ఊరి ఆచారము కఠినము. ఆట మానుకొను వీరుని చివరి మ్యాచి ముగియకమునుపే కోచ్ వెలుపలికి పిలుచును, మైదానపు తూర్పు మెట్లపై కూర్చుండు ఊరివారు లేచి నిలిచి చప్పట్లు కొట్టుదురు. కానీ ఆ మెట్లపై డోన్యా ఒరోసియా అను ముదుసలి దొరసాని లేవనిదే పురుగు కూడ లేవదు. మునుపొక గోల్‌కీపరు ఆటకు వీడ్కోలు చెప్పిననాడు ఆమె లేవలేదు, ఎవరును లేవలేదు. ఆ పాపాత్ముడు ఊరిలో మొగము చెల్లక నేటికిని రొట్టె పొరుగూరిలో కొనుక్కొనుచున్నాడు.

ఆ డోన్యా ఒరోసియా లిసీనియో ఈ ఊరికి వచ్చిన తొలి ఆదివారముననే ప్రతిజ్ఞ పట్టినది. “ఒరేయ్, నీ బంతి ఆ మొదటివాడి తల దాటిన రోజున నేను ఈ మెత్త మీంచి లేస్తాను. అంతదాకా లేస్తే ఒట్టు!” మొంతర్కాల్ వారి నోటినుండి మాట వెలువడినచో దానిని వెనుకకు త్రిప్పుట బ్రహ్మతరము కాదు. నాటినుండి ఆమె మొదటి వరుసలో, చల్లని సిమెంటు మెట్టుపై ఎర్రమెత్త వేసికొని, ఒడిలో పొద్దుతిరుగుడు గింజల పొట్లము పెట్టుకొని, పొట్టుతోపాటు తిట్టును ఉమియుచు కూర్చున్నది.

“ఓ వామపాదమా!” అని మహావీరుడు బూటును ఉద్దేశించి గంభీరస్వరమున పలికెను. “నిన్ను నమ్ముకొని యౌవనమెల్ల ధారపోసితిని. నేడొక్క పరి, ఒక్కటే పరి, నా గౌరవమును నిలుపుము!”

ప్రక్కనున్న గోల్‌కీపరు తల త్రిప్పి, “ఎవరితోరా మాటలు? ముందు లేసు కట్టుకో, పడి చస్తావు” అనెను.

సమరము మొదలాయెను. సమరమనుటకు నాకే సిగ్గుగా ఉన్నది. విరామమునకే మొంతర్కాల్ మూడు గోలులు తిని, నాలుగవదానికి ఆకలి లేక ఆగినది. లిసీనియో కెదురుగా ఉర్దానిస్ అను డిఫెండరు బీరువావలె నిలిచియుండెను. మహావీరుడు దుమ్మెగయ పరుగిడెను, వంగెను, మెలితిరిగెను, తన్నెను. బంతి ఉర్దానిస్ పొట్టకు తగిలెను. మరల తన్నెను. తొడకు తగిలెను.

“ఏరా లిసీనియో,” మెట్లపైనుండి డోన్యా ఒరోసియా కేక పెట్టెను, “ఆ ఉర్దానిస్ నీ బావమరిదా ఏంట్రా? ప్రతి బంతీ వాడికే అప్పజెప్తున్నావు!”

“బావమరిదైతే ఒక్కటైనా తప్పించేవాడు మామ్మా!” అని వెనుక వరుసనుండి సారాయికొట్టు గయూబో అందుకొనెను. మెట్లన్నియు ఘొల్లుమనెను. ఉర్దానిస్ సయితము నవ్వెను. వాని నవ్వుకే లిసీనియోకు ఎక్కువ మండినది.

విరామమున జనులెల్లరు రేకుకాగితములు విప్పి సాసేజి కూరిన రొట్టెలు తినుచుండగా, కోచ్ ఎలాదియో అతని భుజముపై చేయి వేసెను. “చివర్లో పిలుస్తాను. మెల్లగా నడిచి రా, తొందరేం లేదు.”

“కోచ్, ఒక్కటి దాటాక పిలవండి.”

“దాటాకా? అయితే క్రిస్మస్‌దాకా ఇక్కడే ఉందామా నాయనా?”

లిసీనియో వంగి ఎడమబూటు లేసును మరల బిగించెను. తన రొట్టెను విప్పనే లేదు.

కాలచక్రము గిర్రున తిరిగినది. అతని సంఖ్య మెరయు పలకను గట్టున పైకెత్తిరి. బంతి బయటికి పోయిన తక్షణమే అతడును పోవలెను. తూర్పు మెట్లవారి చూపులు ఎర్రమెత్తపై నిలిచినవి. మెత్త కదలలేదు. డోన్యా ఒరోసియా గింజ కొరికి పొట్టు ఉమిసెను.

అంతట విధివశమున, ఎవడో తప్పుగా తన్నిన బంతి దొర్లుచు వచ్చి మహావీరుని పాదములకడ నిలిచెను! పరుగిడెను లిసీనియో, పండ్లు బిగించి, కన్నులు మూసికొని, మామగారి దుకాణమును, మేకుల డబ్బాలను, పొరుగూరి రొట్టెను మనమున తలచుకొని, యావజ్జీవ పరాభవమునెల్ల ఎడమకాలి బొటనవ్రేలికి తెచ్చుకొని, తన్నెను! బంతి లేచెను. ఉర్దానిస్ మోకాలు దాటెను, పొట్ట దాటెను, భుజము దాటెను, ఎగిరిన వాని తలవెండ్రుకలను దువ్వుచు తలయును దాటెను!

అప్పుడు సియెర్సో ఆ బంతిని చూచినది. చూచి, పట్టి, గాలిలో నిలిపి, వచ్చిన దారినే వెనుకకు తోలినది. బంతి ఉర్దానిస్ తలను రెండవమారు దాటి, నోరు తెరిచిన లిసీనియోను దాటి, గీత దాటి, డోన్యా ఒరోసియా ఒడిలో గింజల పొట్లముపై ధభాలున పడెను. గింజలు నలుదిక్కుల చిమ్మెను.

మెట్లవారెల్లరు మెడలు సాచి ఆ ఒడివంక చూచిరి.

“దాటింది,” అనెను గయూబో మెల్లగా.

“గాలిరా అది! వీడి మొహానికి దాటడం కూడానా?” అని ఇంకొకడు.

“నోర్ముయ్యండి!” అని డోన్యా ఒరోసియా గర్జించెను. “దాటితే లేస్తానన్నాను. గాలి తోస్తే లేవనన్నానా? ఎటు పోవాలో చెప్పానా? అన్నమాట అన్నమాటే.”

మోకాళ్లపై చేతులానించి, చీవాట్లు పెట్టుచునే, ఆమె లేచెను. వెనుకనే తూర్పు మెట్లన్నియు లేచినవి. చప్పట్లు మ్రోగినవి. కొందరు లేచినది ఒడిలోని గింజలు దులుపుకొనుటకే అని గిట్టనివారందురు. అననిండు.

లిసీనియో మెల్లగా నడిచెను. కన్నులలో దుమ్ము పడినదని తరువాత ఇంటిలో చెప్పుకొనెను. బంతికై ఆమె ఎదుట చేయి చాచెను. ఆమె ఈయలేదు, బంతిని కడుపునకు అదుముకొనెను.

“మామ్మా, లేచారు.”

“లేచాను. సంబరపడిపోకు, కాలు తిమ్మిరెక్కింది.” ఆమె బంతికంటిన గింజపొట్టు దులిపెను. “వచ్చే ఆదివారం నుంచి నేనెవర్ని తిట్టాలిరా, దరిద్రుడా?”

“కొట్టుకి రండి మామ్మా. సోమవారం పొద్దున్నే తీస్తాను.”

“వస్తాను. వంకర మేకు ఒక్కటి కనబడిందో, చూసుకో నీ పని!” అని బంతిని అతని చేతులలో కుక్కెను.

మొంతర్కాల్ మూడు గోలుల తేడాతో ఓడినది. శ్రేణినుండి దిగజారినది. ఆ బంతివలన గోలు లేదు, కార్నరు లేదు, ఎదుటివారికి త్రో మాత్రము దక్కినది. అయినను లోకులారా, చాటుచున్నాను వినుడు: సమస్త హిస్పానియా దేశములందు తిరిగి తిరిగి, చిట్టచివరకు లిసీనియో బెస్కోస్ ఒక ముసలామెను ఒక మెత్తపైనుండి లేపెను. జయము! సోమవారమునాడు దుకాణము తీయకమునుపే ఆమె గుమ్మమున నిలిచియుండెను, మెత్త చంకన పెట్టుకొని.