పిగిలిపిట్ట సాక్ష్యం

ఆ రోజు పొద్దున చౌడప్ప అనుకున్నది చాలా సులువైన పని. తొమ్మిదికల్లా అన్న పదకొండో దినం ముగించుకోవాలి. పదికల్లా కొండెక్కాలి. ఎండ ముదిరేలోగా పది పిట్టరెట్టలు సీసాల్లోకి ఎత్తి సునంద మేడమ్‌కు అప్పజెప్పాలి.

సునంద యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. వానల్లేని ఏడాదిలో కొండమీది పసుపుగొంతు పిగిలిపిట్టలు ఏం తిని బతుకుతున్నాయో కనుక్కోవడానికి కుందుర్పి పక్కనున్న ఈ ఊరికి వచ్చి గది తీసుకుంది. పిట్టను పట్టుకునే పని లేదు, దాని కడుపు కోసే పని అంతకన్నా లేదు. రెట్టలో మిగిలిన డి.ఎన్.ఏ.ను ల్యాబులో చదివితే అది ఏ పండు తిన్నదో, ఏ పురుగును మింగిందో తేలిపోతుంది. ఆమెకు చౌడప్ప రెండు నెలలుగా సాయం. చేతికి గ్లౌజులు వేసుకుని, పుల్లతో రెట్టను ఎత్తి, స్పిరిట్ సీసాలో వేసి, మీద అంకె రాయడం అతని పని. ఈ రెండు నెలల్లో తాను కూడా సగం సైంటిస్టు అయిపోయానని అతని నమ్మకం. "చెయ్యి తగిలితే సీసా చెడిపోతాది. గ్లౌజు లేకుండా నేను నమూనా ముట్టేదే లేదు" అని టీ అంగట్లో రోజుకోసారైనా చెప్పకపోతే అతనికి టీ దిగేది కాదు.

అన్న హనుమంతప్పతో అతనికి మూడేళ్ళుగా మాటల్లేవు. అన్న బోరు ఎండిపోయిన ఏడు, చౌడప్ప తన బోరు నుంచి కొన్నాళ్ళు నీళ్ళు వదిలాడు. తర్వాత తన టమేటా తోట వాడిపోతోందని ఆపేశాడు. అన్న ఒక్కసారే అడిగాడు, మళ్ళీ అడగలేదు. ఆ పంతంలోనే ఒక రాత్రి నిద్రలో పోయాడు. మిగిలింది వదిన ఆంజినమ్మ, ఆమె బిడ్డల్లా సాకుతున్న నలభై చీనీ చెట్లు, అంటే బత్తాయి తోట.

కొండ కింద బండమీద విస్తరి వేసి, అన్నం, పప్పు, అలసంద వడలు పెట్టారు. కాకి ముట్టాకే బంధువులకు భోజనం. తొమ్మిదయింది, తొమ్మిదిన్నర అయింది, కాకి లేదు. చివరికి ఒకటి వచ్చి తుమ్మచెట్టు మీద వాలింది గానీ కిందికి దిగలేదు.

మేనత్త చిన్నక్క, ఇలాంటి వాటికి పెద్దరికం వహించే మనిషి, చుట్టూ చూసింది. "వానికి మనసులో ఏందో ఉండాది. ఎవురన్నా మాటియ్యండి, దిగుతాడు."

అందరూ చౌడప్ప వంకే చూశారు. చౌడప్ప గొంతు సవరించుకున్నాడు. "అన్నా, నీ మందుగొట్టే డబ్బా నా కాడే ఉండాది. తిరిగిచ్చేస్తా, తిను."

కాకి రెక్క కింద ముక్కుతో గోక్కుంది.

"గట్టు రెండడుగులు నీ పక్కకు జరిపినా. ఎనక్కి జరుపుకుంటా."

కాకి అటు తిరిగి కూర్చుంది.

"మూడడుగులు జరిపినావు కదప్పా" అన్నారు ఎవరో గుంపులోంచి.

"సరే, మూడడుగులే! తినన్నా!"

కాకి ఎగిరిపోయింది.

పదిన్నర దాటింది. పిల్లలు ఏడుస్తున్నారు, వంటవాళ్ళు విసుక్కుంటున్నారు, కొండమీద రెట్టలు ఎండిపోతున్నాయి. భార్య రామక్క వెనకనుంచి గిచ్చింది. "ఏదో ఒకటి చెప్పి ముగించు. ఆయప్ప ఏమన్నా లేచొచ్చి అడుగుతాడా?" ఆ ధైర్యంతోనే చౌడప్ప చేతులెత్తి అరిచేశాడు. "వారానికి రెండు దినాలు బోరు నీళ్ళు వదినకిస్తా!"

ఆ మాట అలా అన్నాడో లేదో, కొండ వైపునుంచి ఒక పిట్ట దిగింది. కాకి కాదు. పసుపు గొంతు పిగిలిపిట్ట. విస్తరి అంచున వాలి, టక్కున ఏదో పొడుచుకుని, పక్కనున్న బండగుండ్ల వెనక్కి ఎగిరిపోయింది.

"తినె! నీళ్ళనంగానే వచ్చె!" అని చిన్నక్క కేక వేసింది. జనం లేచి వంటల దగ్గరికి పరిగెత్తారు.

చౌడప్ప చేతులడ్డం పెట్టి వాళ్ళ ముందుకు దూకాడు. వారానికి రెండు రోజులంటే ఉన్న కాస్త నీళ్ళలో ఎంత పోతుందో అతనికి తెలుసు. "ఆగండప్పా! అది కాకి కాదు. అది అన్నం తినే పిట్టా కాదు, నాకు తెల్దా? విస్తరి మీద చీమ పాకతాండె, దాన్ని తినింది. చీమను తింటే మాయన్న తిన్నట్టు యాడయితాది?"

"తినింది అన్నమో చీమో నువ్వెట్ల చెప్తావురా?" అంది చిన్నక్క.

సగం సైంటిస్టుకు కావలసింది ఆ ప్రశ్నే. "ల్యాబు చెప్తాది! అలసంద వడ తినింటే రెట్టలో అలసంద వస్తాది. వస్తే నీళ్ళిస్తా. రాకుంటే మాట లేదు." జేబులోంచి గ్లౌజులు, సీసా తీశాడు. ఎవరైనా వస్తే పిట్ట బెదురుతుందని అందరినీ ఆపి, ఒక్కడే గుండ్ల వెనక్కి పోయాడు. చాలాసేపటికి రెట్ట పడిన సీసాతో తిరిగొచ్చి దానిమీద నలభై మూడు అని రాశాడు.

సునంద ముందు ఒప్పుకోలేదు. "చౌడప్పన్నా, ఇది పరిశోధన. ఇంటి తగాదాలకు సాక్ష్యం కాదు" అంది. అయితే కొండపిట్ట మనుషులు పెట్టిన కూడు తింటుందా లేదా అన్నది ఆమెకూ తెలియాలి. నలభై మూడు కూడా మిగిలిన సీసాలతో హైదరాబాదు పోయింది. ఫలితం రావడానికి నెల పైనే పడుతుందని చెప్పింది.

ఆ నెలలో ఊరు ఊరులా లేదు. అలసందను పట్టే ల్యాబుకు మరేదైనా పట్టడం ఎంతసేపని, ఆకుల్లో రెట్టలు పొట్లాలు కట్టుకుని జనం సునంద గది ముందు బారులు తీరారు. ఒకామె ఆరబెట్టిన కొర్రలు తిన్నది ఎవరి కోడో తేల్చమంది. ఒకాయన పోయినేడు నాయన తద్దినం నాడు కాకి వేసిన రెట్టను రేకుతో సహా కోసి తెచ్చాడు. అత్తాకోడళ్ళు ఎవరు పెట్టిన బొరుగుల ఉగ్గాని కాకికి నచ్చిందో చెప్పమన్నారు. సునంద లోపల గడియ పెట్టుకుంది. బయట చౌడప్ప గ్లౌజులు తొడుక్కుని బారును సరిచేస్తూ, "నమూనా చెడిపోతే మేడమ్ చూడదప్పా. శుద్ధంగా తీయల్ల, నా మాదిరి" అని నేర్పుతుండేవాడు.

బోరు సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఫలితం రానీ అన్నాడు చౌడప్ప. ఆంజినమ్మ కుళాయి నీళ్ళు బిందెతో మోసి, చెట్టుకొక చెంబు పోసేది. నలభై చెట్లకు నలభై చెంబులు. అయినా ఆకులు ముడుచుకుపోతున్నాయి. పొలానికి పోయేటప్పుడు చౌడప్ప ఆ దారి వదిలి చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాడు. ఎందుకని రామక్క అడిగితే, ఆ దారిలో ముళ్ళున్నాయన్నాడు.

ముప్పై ఎనిమిదో రోజున ఫలితం వచ్చింది. పంచాయితీ ఆఫీసు అరుగుమీద, ఊరంతా వింటుండగా, సునంద కాగితం చదివింది. "నలభై మూడో నమూనా. అత్తిపండు ఉంది. చీమ ఉంది. అలసంద లేదు. కంది లేదు. వరి లేదు."

రామక్క చప్పట్లు కొట్టింది. చౌడప్ప మీసం మీదికి చెయ్యి పోయింది.

ఆంజినమ్మ లేచి నిలబడింది. నీళ్ళ ఊసే ఎత్తలేదు. "అంటే ఆయప్ప తినలేదా మేడమ్? ఆకలితోనే పోయినాడా?" అని అడిగింది.

మీసం దాకా పోయిన చెయ్యి అక్కడే ఆగింది. గెలిచిన మనిషికి ఉండాల్సిన సంతోషం చౌడప్పకు ఎంత వెతికినా దొరకలేదు. అన్న పస్తున్నాడని నెలపాటు కష్టపడి రుజువు చేసింది తానే.

"ఇంకొకటి కూడా ఉంది" అంది సునంద, కాగితం తిప్పి. "మనిషి డి.ఎన్.ఏ. వచ్చింది."

అరుగు మీదివాళ్ళంతా ముందుకు జరిగారు.

"యా మనిషిది?" అంది చిన్నక్క.

"ఈ పరీక్షలో మనిషని తెలుస్తుంది గానీ ఎవరో తెలీదమ్మా. ఒక తల్లి బిడ్డలకైతే అసలు తేడాయే రాదు. తీసినవాళ్ళ చెయ్యి తగిలుంటుంది. గ్లౌజులు వేసుకోకపోతే ఇలాగే వస్తుంది" అంది సునంద, చౌడప్పను చూస్తూ.

ఊరు కూడా చౌడప్పను చూసింది.

గుండ్ల వెనక జరిగింది చౌడప్పకు తెలుసు. పిట్ట రెట్ట వేసేదాకా గొంతుక్కూర్చున్నాడు. చుట్టూ ఎవరూ లేరు. పదకొండు రోజుల్లో అలా ఒంటరిగా ఉన్నది అప్పుడే. ఉన్నట్టుండి ఏడుపు తన్నుకొచ్చింది. గ్లౌజులు పీకి పారేసి, రెండు చేతులతో ముఖం తుడుచుకుంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ తడి చేతులతోనే రెట్టను ఎత్తాడు. సీసాలో ఉన్న మనిషి తనే. ఆ మాట చెబితే అన్న రానట్టే, నీళ్ళు మిగులుతాయి.

"నేను గ్లౌజు ఏసుకునే తీస్తి" అన్నాడు చౌడప్ప. "నా చెయ్యి తగల్లేదు. అది మాయన్నే."

రామక్క నోరు తెరిచింది. చిన్నక్క రెండు చేతులూ జోడించింది.

ఆంజినమ్మ అతని దగ్గరికి వచ్చింది. "వచ్చినోడు తినకుండా ఎందుకు పోయినాడు చౌడప్పా?"

"కూటికి రాలేదు వదినా. నీళ్ళ మాట ఇనేకి వచ్చినాడు. ఇనిపోయినాడు."

మరుసటి మంగళవారం తెల్లవారకముందే బోరు మోటారు మోగింది. శుక్రవారం మళ్ళీ మోగింది. చీనీ చెట్ల పాదులు అంచులదాకా నిండాయి. చౌడప్ప పార పట్టుకుని కాలువ తిప్పుతూ ఏ చెట్టుకు ఎంత పారిందో వదినను కేకేసి అడుగుతున్నాడు. గదిలో సునంద తన పట్టిక తెరిచి, నలభై మూడో నమూనా ఎదురుగా "పనికిరాదు" అని రాసుకుంది.